తీసేసిన ఏడూ పన్నెండు

"పేరు తెలిసిందా అక్కా?"

పొయ్యి దగ్గర నిలబడిన పెద్దకోడలు వెనక్కి తిరగలేదు. పాలు పొంగుకొస్తున్నాయి. మంట తగ్గించింది.

"నిన్నే అడుగుతున్నాను. అంతా మీ ఆఫీసులోనే కదా జరిగింది. ఆ బండి తీసెయ్యమని రాసినవాడి పేరు కనుక్కోవడానికి ఇన్ని రోజులా?"

"పెద్ద ఆఫీసు. ఎన్నో సెక్షన్లు..." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఎన్ని సెక్షన్లున్నా టైం టేబులు వేసేది ఒక్కటే సెక్షను. అందులో నువ్వున్నావు. నువ్వు తల్చుకుంటే తెలీదా?"

చిన్నకోడలి మాటలో అనుమానం ఇసుమంత కూడా లేదు. ఉన్నది నమ్మకం.

చిన్నకోడలి భర్త, ఆ ఇంటి చిన్నవాడు, లోకల్ బండి మీంచి పడి పదకొండు రోజులైంది. మోకాలి కింద కుడికాలు తీసేశారు. అతను రోజూ ఎక్కే ఏడూ పన్నెండు బండిని రెండు నెలల క్రితం కొత్త టైం టేబులులో ఎత్తేశారు. ఆ బండి జనమూ, ఆ తర్వాతి బండి జనమూ కలిసి ఏడూ ఇరవైయ్యారు మీద పడ్డారు. అందులో లోపల చోటు లేక ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్లలో చిన్నవాడొకడు.

ముందు గదిలో అత్తగారు కిటికీ వెలుగులో కూర్చుని చిన్నకొడుకు ప్యాంటు కుడుతోంది. కుడికాలి గొట్టాన్ని మోకాలి కిందికి కత్తిరించి, అంచు లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తోంది. ఇప్పటికి మూడు ప్యాంట్లు అయ్యాయి. ఇది నాలుగోది.

"ఆ బండి తీసినవాడి చేతులు పడిపోను," అంది ఆవిడ, దారం పళ్లతో తెంపుతూ. పూజలాగా రోజూ పొద్దున్నే ఒకసారి అంటోంది. "వాడి ఇంట్లోనూ ఒకడు ఇలా మంచాన పడితే గానీ తెలీదు వాడికి."

పెద్దకోడలు పాలగిన్నె దించింది. చేతికి చురుక్కుమంది.

పెద్దవాడు గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కడుతున్నాడు. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. ఆ రోజు తమ్ముడితో పాటు అదే బండిలో ఉన్నాడు. అప్పట్నుంచీ రైలు ఎక్కలేదు. రెండు బస్సులు మారి ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్తున్నాడు. ఇంట్లో మాట్లాడేది టిఫినుకీ, తాళం చెవికీ సరిపడా మాత్రమే.

"రేపు పదింటికి స్టేషన్లో విచారణ," చిన్నకోడలు సంచీలోంచి కాగితాల కట్ట తీసి చూపించింది. "పద్నాలుగు వందల సంతకాలు. ప్లాట్‌ఫారం మీద నిలబడి అడుక్కున్నాను అక్కా. బడిలో పిల్లలకి అక్షరాలు నేర్పుకునేదాన్ని, నాకు ఇదంతా ఏం తెలుసు? ఇవి ఇచ్చి, ఎవడు చేశాడో వాడి మొహం చూడాలి. అంతే. ఇవాళైనా కనుక్కునిరా."

"చూస్తాను."

పెద్దవాడు తలెత్తి భార్య వంక చూశాడు. ఒక్క క్షణం. మళ్లీ తాడు విప్పాడు.

*

టైం టేబులు సెక్షను మూడో అంతస్తులో ఉంది. గది పొడుగునా బల్ల. దాని మీద దుప్పటంత కాగితం. పైన గంటలూ నిమిషాలూ, పక్కన స్టేషన్ల పేర్లు. ఒక్కొక్క బండి ఒక్కొక్క ఏటవాలు గీత. నగరం చుట్టూ పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరిగే ఎనిమిది వందల లోకల్ బళ్లూ ఆ కాగితం మీద గీతలుగా పడుకుని ఉంటాయి.

పన్నెండేళ్లుగా ఆమె పని ఆ గీతలు గీయడం. రెండు గీతలు ఒకదాన్నొకటి తగలకూడదు. తగిలితే బళ్లు తగిలినట్టే. ఆమె గీతలు ఎప్పుడూ తగల్లేదు. ఆ పేరు ఇంటిదాకా పాకింది. మరిది ఆమెను 'గడియారం వదినా' అని పిలిచేవాడు.

మెయిన్ లైన్లో జనం తొక్కిసలాడుతున్నారనీ, అక్కడ ఇంకో బండి వెయ్యాలనీ మూడు నెలల క్రితం పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త పెట్టెలు లేవు. ఏదో బ్రాంచి లైను నుంచి లాక్కోవాలి. అన్ని బళ్లలో జనాన్ని లెక్కపెట్టారు. తక్కువ వచ్చింది ఏడూ పన్నెండులో. తన ఇంటిముందు స్టేషనులో ఆగే బండి.

రబ్బరుతో ఆ గీత చెరిపింది తనే.

కొత్త టైం టేబులు వచ్చిన రోజు భోజనాల దగ్గర మరిది నవ్వుతూ అన్నాడు: "గడియారం వదినా, మా బండిని మింగేశారేంటి మీవాళ్లు?" ఆమె కూడా నవ్వింది. "పద్నాలుగు నిమిషాలు ఆగలేవా? ఇంకాసేపు నిద్రపో" అంది. అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా.

"మిమ్మల్ని సారు పిలుస్తున్నారు," అన్నాడు అటెండరు.

సెక్షన్ ఆఫీసరు గదిలో పంకా చప్పుడు చేస్తోంది. ఆయన కుర్చీ చూపించాడు. మామూలుగా చూపించడు.

"మీ మరిదికి ఎలా ఉందమ్మా?"

"లేచి కూర్చుంటున్నాడు సార్."

"పాపం, చిన్న వయసు." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "రేపు విచారణకి మన ప్రయాణికుల లెక్క కాగితం ఇవ్వాలి. పాతది మసకబారింది. మళ్లీ టైపు చేయించాను. కింద మీ సంతకం కావాలి."

ఆమె చదివింది. పెట్టెల సంఖ్య సరిగానే ఉంది. మనుషుల సంఖ్య సరిగానే ఉంది. తేదీలు ఉన్నాయి. మళ్లీ మొదట్నుంచీ చదివింది.

"చివరి రెండు లైన్లు లేవు సార్."

"అది అభిప్రాయం అమ్మా. లెక్క కాదు."

"బడులకీ కాలేజీలకీ సెలవులున్న వారంలో లెక్కపెట్టామనీ, తెరిచాక మళ్లీ లెక్కపెట్టాలనీ రాశాను. అది అభిప్రాయం ఎలా అవుతుంది?"

"రాశారు. కాదనను. మళ్లీ లెక్కపెట్టకముందే గీత చెరిపిందెవరు?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

"నేను చెరపమన్నాను. మీరు చెరిపారు. ఆ రెండు లైన్లూ ఉంటే మనిద్దరం తెలిసే చేశామని అర్థం. లేకపోతే ఎవరూ ఏమీ తెలిసి చెయ్యలేదు. లెక్క తక్కువొచ్చింది, బండి తీశారు. అంతే. ఎవరి పేరూ బయటికి రాదు." ఆయన గొంతు తగ్గించాడు. "నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. నా సంగతి వదిలెయ్యండి. మీ మరిది ఇక నిలబడి పని చెయ్యలేడు కదా. ఇది గొడవ లేకుండా ముగిస్తే, టిక్కెట్ల కౌంటర్లో కూర్చుని చేసుకునే పని ఇప్పించమని పైవాళ్లని నేనే అడుగుతాను. మాటిస్తున్నాను."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. తను జబ్బుపడినప్పుడు మూడు నెలల పని తన బల్ల మీద వేసుకున్న మనిషి.

"రేపు పొద్దుటిదాకా టైమివ్వండి సార్."

బల్ల దగ్గరికి వచ్చి సొరుగు తెరిచింది. పాత ఫైళ్ల అడుగున కార్బన్ కాపీ ఉంది. రెండు లైన్లతో సహా. మడిచి సంచిలో పెట్టుకుంది.

*

ఆస్పత్రిలో నాలుగు నుంచి ఆరు దాకా చూడనిస్తారు. వార్డు బయట వరండాలో పెద్దవాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. లోపల చిన్నకోడలు భర్తకి గంజి తాగిస్తోంది.

"మీతో ఒకటి చెప్పాలి."

"నాకు తెలుసు."

ఆమె ఉలిక్కిపడింది. "ఏం తెలుసు?"

"ఆ బండి తీసింది నువ్వేనని. కొత్త టైం టేబులు రాకముందే నువ్వు నిద్రలో గుణించుకునేదానివి. ఏడూ పన్నెండు, ఏడూ పన్నెండు అని."

"మరి పదకొండు రోజులుగా ఒక్క మాటైనా..."

"ఏమనను? పోనీ నువ్వన్నావా?"

ట్రాలీ ఒకటి గడగడమంటూ వాళ్ల ముందునుంచి వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

ఆమె సెక్షన్ ఆఫీసరు చెప్పిందంతా చెప్పింది. కార్బన్ కాపీ సంగతీ చెప్పింది.

"సంతకం పెట్టెయ్," అన్నాడతను వెంటనే.

"అంత సులువుగానా?"

"సులువు కాదు. కానీ పెట్టెయ్. వాడికి కూర్చునే పని దొరుకుతుంది. నువ్వు ఉద్యోగంలో ఉంటావు. అమ్మకి తెలిస్తే ఆ ఇంట్లో నువ్వు బతకగలవా? ఆ అమ్మాయి మొహం చూడగలవా?"

"ఇప్పుడు మాత్రం చూడగలుగుతున్నానా? రోజూ పొద్దున్నే పేరు చెప్పమంటుంది. నా పేరు నన్నే అడుగుతుంది."

"నిజం చెప్తే వాడి కాలు వస్తుందా?"

"రాదు."

"మరి?"

"మరి రేపు ఆ కాగితం చూసి ఇంకో లైన్లో ఇంకో బండి తీస్తారు. లెక్క తక్కువొచ్చిందిగా అంటారు. ఆ గీత కూడా నేనే చెరపాలి." ఆమె గొంతు పెరిగింది. పక్క బెంచీలో ముసలాయన తిరిగి చూశాడు. తగ్గించుకుంది. "మీరు చెప్పండి. దాచుకుని ఎలా ఉంటున్నారో మీరు నాకు నేర్పండి."

అతని మొహం పాలిపోయింది. "నేనేం దాచాను?"

"అదే అడుగుతున్నాను. రైలు పేరెత్తితే బయటికి వెళ్లిపోతారు. ఆ రోజు ఏం జరిగిందో ఇంతవరకూ నాకు కూడా చెప్పలేదు."

అతను గచ్చు వంక చూశాడు.

"వాడు ఎక్కనన్నాడు," అన్నాడు చివరికి. "బండి నిండిపోయింది, తర్వాతదానికి వెళ్దాం అన్నయ్యా అన్నాడు. దుకాణం తెరవడం ఆలస్యమైందని ముందురోజే వాడి యజమాని కేకలేశాడు. నేనే ఎక్కమన్నాను. లోపల్నుంచి చెయ్యిచ్చి లాగాను."

"తర్వాత?"

"తర్వాతేముంది. వంతెన దాటాక వంపు. జారిపోయాడు."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమెకి వీపు మాత్రమే కనిపించింది. ఓదార్చడానికి చెయ్యి ఎత్తి, ఎందుకో మళ్లీ దించేసింది.

*

స్టేషను వెయిటింగ్ రూములో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. విచారణాధికారి నెరిసిన జుట్టు ఉన్న ఆవిడ. బండి వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు దడదడలాడుతుంటే కలం ఆపి, చప్పుడు తగ్గాక మళ్లీ రాసుకుంటోంది.

చిన్నకోడలు లేచింది. కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది.

"మా ఆయన కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడండీ. ఎనిమిదిన్నరకి దుకాణం తెరవాలి. ఏడూ పన్నెండులో కూర్చోవడానికి చోటు దొరక్కపోయినా లోపల నిలబడి వెళ్లేవాడు. అది తీసేశాక రెండు నెలలు బయట వేలాడి వెళ్లాడు. నాకు చెప్పలేదు. చెప్తే భయపడతానని." ఆమె ఆగింది. బండి వెళ్తోందేమోనని అధికారిణి కిటికీ వంక చూసింది. ఏ బండీ లేదు. "ఎవరు తీశారో చెప్పండి చాలు. జైల్లో వెయ్యమనను. ఎందుకు తీశావని ఒక్కసారి అడగాలి."

గదిలో గుసగుసలు. ఎవరో "అవును, అడగాల్సిందే" అన్నారు.

"టైం టేబులు సెక్షను వాళ్లున్నారా?"

సెక్షన్ ఆఫీసరు లేచి కాగితం అందించాడు. "లెక్క తీసిన ఉద్యోగి సంతకం ఇంకా..." అంటూ వెనక్కి చూశాడు. నిన్న మాటిచ్చినప్పటి కళ్లతోనే చూశాడు.

పెద్దకోడలు లేచింది. ముందు కుర్చీ పట్టుకుంది.

"ఆ కాగితం పూర్తిది కాదండీ. పూర్తిది ఇదీ."

కార్బన్ కాపీ ఇచ్చింది. అధికారిణి చివరి రెండు లైన్లు పైకి చదివింది.

"ఇది రాసింది మీరేనా?"

"నేనే."

"మళ్లీ లెక్కపెట్టారా?"

"లేదండీ."

"మరి బండి తీసిందెవరు?"

"ఉత్తర్వు పైనుంచి వచ్చింది. ఏ బండి తియ్యాలో మా సెక్షను చెప్పింది. గీత చెరిపింది నేను. ఈ లెక్క సరైంది కాదని తెలిసే చెరిపాను."

సెక్షన్ ఆఫీసరు నెమ్మదిగా కూర్చున్నాడు. ఒక్కసారిగా ఆయన వయసు ఆయన మీద పడింది.

ఆమె రెండో వరస వంక చూడకూడదనుకుంది. చూసింది. చిన్నకోడలు తన వంకే చూస్తోంది. కోపం లేదు. తెలియని భాషలో ఎవరో ఏదో చెప్తుంటే వింటున్నట్టుంది ఆ మొహం.

*

"పిచ్చిదాన్నయ్యాను కదా," అంది చిన్నకోడలు. ప్లాట్‌ఫారం చివర ఇద్దరే నిలబడ్డారు. "రోజూ పొద్దున్నే లేచి నిన్నే అడిగాను."

"చెప్పాలనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

పెద్దకోడలు పట్టాల వంక చూసింది.

"ఆ రెండు లైన్లూ బాగా రాశావక్కా. నీకు తెలుసన్నమాట, జనం ఎక్కువవుతారని. ఆఫీసులో కాగితం మీద రాశావు. ఇంట్లో ఆయనతో ఒక్క మాట అనలేకపోయావా? నాయనా, ఆ బండిలో తొక్కిసలాట ఉంటుంది, జాగ్రత్త అని? ఒక్క మాట. దానికి ఎవరి సంతకం కావాలి?"

ఎందుకు అనలేదో పెద్దకోడలికే తెలియదు. రాసేస్తే తన వంతు అయిపోయిందనుకుంది. నిజానికి అంతే.

"పదకొండు రోజులు నా పక్కన పడుకుని, నేను ఏడిస్తే నా తల నిమిరావు."

"అది నటన కాదు."

"నాకు తెలుసు. అందుకే ఇంకా కష్టంగా ఉంది."

ఆస్పత్రి వైపు వెళ్లే బండి వచ్చింది. చిన్నకోడలు ఎక్కింది. ఎప్పుడూ అక్కా రా అని చెయ్యిచ్చేది, ఇప్పుడు లోపలికి వెళ్లి అవతలి కిటికీ దగ్గర నిలబడింది. బండి కదిలిపోయింది. పెద్దకోడలు ఇంటికి నడిచి వెళ్లింది.

కబురు ఆమె కంటే ముందే ఇల్లు చేరింది. అత్తగారు కిటికీ దగ్గర లేదు. వంటింట్లో గిన్నెలు రెండు వాటాలుగా సర్ది పెట్టింది. ఒక వాటా చిన్నకోడలిది.

"వంట వేరే పెట్టుకుంటుందట. ఫోను చేసింది," అంది ఆవిడ.

"అత్తయ్యా..."

"ఇన్నాళ్లూ నీ ఎదురుగానే తిట్టానే. నువ్వు పాలు కాస్తుంటే, నువ్వు కూరలు తరుగుతుంటే. ఒక్కసారైనా నా నోరు ముయ్యమనకపోయావా?" ఆవిడ చేతిలోని గరిటె కింద పెట్టింది. "కన్నబిడ్డ మంచాన పడ్డాడని ఏడవాలా, ఇంట్లో పిల్లని పట్టుకుని చేతులు పడిపోవాలన్నానని ఏడవాలా? నాకు చెప్పు."

పెద్దకోడలు దగ్గరికి వెళ్లబోయింది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. తోసెయ్యలేదు. దగ్గరికీ రానివ్వలేదు.

"తిని పడుకో. ఇవాళ నాతో మాట్లాడకు."

మర్నాడు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తిరిగి తెలియజేసేవరకు విధులకు రానక్కర్లేదని. పెద్దవాడు చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. 'నేను ముందే చెప్పాను' అనలేదు. అనకపోవడం అతని మంచితనమో, ఇంకేదో ఆమెకు అర్థం కాలేదు. ఏడూ పన్నెండు మళ్లీ వేస్తారో లేదో ఎవరూ చెప్పలేదు.

*

మూడో రోజు మధ్యాహ్నం మరిది కబురు పంపాడు. వదిన ఒక్కతే రావాలట.

ఆమె వార్డులోకి వెళ్లేసరికి చిన్నకోడలు ఫ్లాస్కు పట్టుకుని బయటికి వస్తోంది. ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. కొత్తవాళ్లు ఇచ్చుకున్నట్టు.

మరిది దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. దుప్పటి ఒకవైపు నిండుగా, ఒకవైపు పల్లంగా ఉంది.

"రా వదినా. గడియారం ఆగిపోయిందటగా?" నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది.

ఆమె స్టూలు మీద కూర్చుని ఏడ్చేసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. అతను ఆపమనలేదు. ఏడుపు తగ్గేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"నన్ను క్షమించమని అడగడానికి కూడా..."

"వదినా, నిన్ను పిలిచింది దానికి కాదు. బండి తీశావు. సరే. ఆఫీసు తీసింది, నువ్వు చేశావు. నేను కూడా ముందు బండికి లేచి వెళ్లొచ్చు, బద్ధకించాను. అదంతా నేనూ నా పెళ్లామూ తర్వాత తేల్చుకుంటాం. దాని కోపం దానిది, నేనేమీ అడ్డుపడను." అతను తలుపు వంక ఓసారి చూశాడు. "నువ్వు అందరి ముందూ నిజం చెప్పావని విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. నా కడుపులో ఒకటుంది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. నువ్వయితే తట్టుకుంటావనిపించింది."

"చెప్పు."

"అన్నయ్య ఏమని చెప్పాడు నీకు?"

"నువ్వు వద్దన్నా ఎక్కించానన్నారు. చెయ్యిచ్చి లాగానన్నారు. వంపులో జారిపోయావన్నారు."

మరిది కళ్లు మూసుకున్నాడు.

"నేను జారలేదు వదినా. ఆ చెయ్యి అన్నయ్య వదల్లేదు, వంతెన దాటేదాకా. మణికట్టు గట్టిగా పట్టుకునే ఉన్నాడు. నా రెండో చేతికి పట్టు లేదు. ఉన్నదంతా అన్నయ్య చెయ్యే. వంపు దగ్గర లోపలి జనం అంతా ఒక్కసారి అన్నయ్య మీదికి ఒరిగారు. వాడు కూడా బయటికి వచ్చేసేవాడే. పైన రాడ్డు పట్టుకోవాలి." అతను ఆగాడు. "అన్నయ్య రెండో చేతిలో టిఫిను సంచి ఉంది. అది వదల్లేదు. నన్ను వదిలాడు."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. నర్సు ఎవరినో మందు వేసుకోమని కసురుతోంది.

"ఆలోచించి చేశాడనను. ఏది ముందు వదలాలో ఆ క్షణంలో ఎవడికి తెలుస్తుంది? నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ వాడు నా కళ్లలోకి చూసి వదిలాడు. నేను చూశానని వాడికి తెలుసు. ఇక్కడికి వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడతాడు. బత్తాయిలు ఒలిచి పెడతాడు. ఒక్కసారి కూడా నా మొహం వంక చూడడు."

ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది. "ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్తాను? పోలీసులకి కూడా చెయ్యి జారిందనే రాయించాను. అమ్మకి చెప్తే ఏమవుతుంది? మా ఆవిడకి చెప్తే?" అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అద్దాలు అరగదీసి గరుకెక్కిన వేళ్లు. "నువ్వు కూడా చెప్పొద్దు. మాటివ్వు వదినా. నిజం చెప్పడం నీకు ఇప్పుడు అలవాటైంది. ఈ ఒక్కటీ చెప్పొద్దు. ముఖ్యంగా వాడికి. నీకు కూడా తెలిసిందని వాడికి తెలిస్తే వాడు ఆ ఇంట్లో ఉండలేడు."

ఆమె చెయ్యి విడిపించుకోలేదు. మాట కూడా ఇవ్వలేదు.

"నువ్వు అడిగితే కదా మీ అన్నయ్య చెప్పేది," అంది చివరికి.

"నేను అడగలేను."

గంట మోగింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేస్తున్నారు. ఆమె లేచి దుప్పటి సరిచేసింది. ఎటువైపు లాగాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

వరండాలో బెంచీ మీద పెద్దవాడు కూర్చుని ఉన్నాడు. ఆమె వస్తానని చెప్పలేదు. అతను ఎప్పుడొచ్చాడో తెలియదు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఆమె కూర్చోలేదు.

"ఏమన్నాడు?" అన్నాడు గచ్చు వంక చూస్తూ.

ఆమె అతని నడినెత్తి వంక చూసింది. అక్కడ ఈ పదిహేను రోజుల్లో తెల్లబడిన వెంట్రుకలు కనిపించాయి. పన్నెండేళ్లుగా ఆ తల దిండు మీద తన పక్కనే ఉంది. దాని లోపలిది ఏదీ తనకు తెలియదనిపించింది. అసహ్యం వేస్తుందేమో అనుకుంది. వెయ్యలేదు. జాలి కూడా వెయ్యలేదు. రెండూ దూరంగా ఎక్కడో నిలబడి ఎవరు ముందు రావాలా అని చూసుకుంటున్నట్టున్నాయి.

"లోపలికి వెళ్లండి," అంది.

"గంట కొట్టారు కదా."

"నర్సుతో నేను మాట్లాడతాను. వెళ్లండి."

"ఎవరున్నారు లోపల?"

"ఎవరూ లేరు. ఒక్కడే ఉన్నాడు."

అతను నెమ్మదిగా తలెత్తాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను తనవైపు అలా చూడటం ఆమె ఎరగదు. ఆమె ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"నీకు చెప్పాడా?" అన్నాడు.

ఆమె నర్సు గది వైపు నడిచింది. వెనక అతను లేస్తే బెంచీ కిర్రుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించింది. గుమ్మం చేరేదాకా అది వినిపించలేదు.